యాంజియో నార్మల్, ఈఎఫ్ పెరిగింది, అయినా ఛాతీ బిగుతు: డీసీఎంలో మన మందులు సన్న నాళాల మీద ఏం చేస్తాయి?

అరండల్‌పేట_జీపీ (గుంటూరు)

అందరికీ నమస్కారం. ఒక డైలేటెడ్ కార్డియోమయోపతీ (డీసీఎం, గుండె సాగి పెద్దదై బలహీనపడే జబ్బు) పేషెంటు గురించి అడుగుతున్నాను. వయసు 46, మగ, బరువు 62 కేజీలు. షుగర్ లేదు, మద్యం అలవాటు లేదు. ఆర్నెల్ల కింద ఆయాసంతో అడ్మిట్ అయినప్పుడు ఈఎఫ్ (ఒక్కో స్పందనకి ఎడమ జఠరిక బయటికి పంపే రక్తం వాటా) 24 శాతం, డయాస్టోల్‌లో (గుండె వదులై నిండే సమయంలో) ఎల్వీ, అంటే ఎడమ జఠరిక, 67 మి.మీ., గోడలు 9 మి.మీ. యాంజియోలో ఎక్కడా బ్లాకుల్లేవు. సైనస్ రిథమ్ (మామూలు గుండె లయ), ఈసీజీలో క్యూఆర్ఎస్ 100 మిల్లీసెకన్లు.

ఇప్పుడు వాడుతున్నవి: కార్వెడిలాల్ 6.25 రెండు పూటలా, సాక్యుబిట్రిల్-వల్సార్టన్ 50 రెండు పూటలా, స్పైరనోలాక్టోన్ 25, డాపాగ్లిఫ్లోజిన్ 10, పొద్దున ఒంట్లో నీరు తీసే టార్సెమైడ్ 10. మొన్నటి ఎకోలో ఈఎఫ్ 34. కాళ్ల వాపు పోయింది, రాత్రి ఒక దిండుతోనే పడుకుంటున్నాడు. కానీ రెండో అంతస్తు ఎక్కేసరికి ఛాతీ మధ్యలో బిగుతు వస్తోంది, ఆగితే మూడు నాలుగు నిమిషాల్లో సర్దుకుంటోంది. వేరేచోట చూపించుకుంటే సన్న నాళాల సమస్య అని చెప్పి ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ 30, నికోరాండిల్ 5 రెండు పూటలా కలిపారు. బిగుతు తగ్గలేదు సరికదా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. బీపీ 96/62, పల్స్ 86.

పెద్ద నాళాలు బాగున్నప్పుడు ఈ బిగుతు ఎందుకు? ఇచ్చే మందుల్లో సన్న నాళాలకు నిజంగా పనికొచ్చేవి ఏవి? డిల్టియాజెమ్ గానీ ఆమ్లోడిపిన్ గానీ మొదలుపెట్టొచ్చా? ఈఎఫ్ కాకుండా ఇంకేం కొలిస్తే తెలుస్తుంది?

బెజవాడ_కార్డియో

డాక్టర్ గారూ, ముందు రెండు మాటలు. డిల్టియాజెమ్ వద్దు. నైట్రేటు, నికోరాండిల్ ఆపేయండి. ఎందుకో కింద రాస్తున్నాను.

డీసీఎంలో సన్న నాళాలు దెబ్బతినడం నిజమే. యాంజియోలో మనకు కనపడేది సుమారు అర మిల్లీమీటరు పైన ఉన్న నాళాలే. రక్తం ఎంత పోవాలో నిర్ణయించేది అంతకన్నా చాలా సన్నటి ఆర్టీరియోల్స్. వాటి లోపలి పొర నైట్రిక్ ఆక్సైడు సరిగా విడుదల చేయదు, చుట్టూ ఫైబ్రోసిస్ (మచ్చ కణజాలం) పేరుకుంటుంది, సాగిన కండరానికి తగినన్ని కేశనాళికలు ఉండవు. ఇవి నాళంలోని లోపాలు. ఇంకో సగం సమస్య నాళం బయట ఉంది, మందులకు త్వరగా లొంగేది ఆ సగమే.

ఎడమ జఠరికకు రక్తం ఎక్కువగా అందేది డయాస్టోల్‌లో. అప్పుడు నెట్టే ఒత్తిడి ఎంత? అయోర్టాలో (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలో) డయాస్టోలిక్ ప్రెజర్ లోంచి జఠరిక లోపలి ఎండ్-డయాస్టోలిక్ ప్రెజర్ తీసేస్తే మిగిలేది, ఉజ్జాయింపుగా. అడ్మిట్ అయిన రోజు బీపీ 108/70, లోపలి ఒత్తిడి 30 అనుకుందాం. మిగిలింది 40. మందులతో బీపీ 98/62 కి దిగి, లోపలి ఒత్తిడి 12 కి పడితే మిగిలేది 50. బీపీ తగ్గినా కండరానికి అందే రక్తం పెరిగింది. ఎండోకార్డియానికి (గుండె లోపలి గోడకి) ఆనుకుని ఉన్న పొర మీద ఈ తేడా బాగా కనపడుతుంది, ఎందుకంటే లోపలి ఒత్తిడి ముందు నొక్కేది ఆ పొరలోని నాళాలనే. అందుకే టార్సెమైడ్, సాక్యుబిట్రిల్-వల్సార్టన్, డాపాగ్లిఫ్లోజిన్ పేరుకి నాళాల మందులు కాకపోయినా సన్న నాళాలకు మేలు చేస్తాయి.

ఇక పల్స్. 60 దగ్గర ఒక్కో స్పందనకి డయాస్టోల్ 600 మిల్లీసెకన్ల పైనే దొరుకుతుంది. 86 దగ్గర అది 400 చుట్టూ ఉంటుంది. మెట్లెక్కితే పల్స్ 120 దాటుతుంది, డయాస్టోల్ ఇంకా కుదించుకుపోతుంది, అదే సమయంలో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. మీ పేషెంటు బిగుతుకి నాకు కనపడుతున్న మొదటి కారణం ఈ 86. కార్వెడిలాల్ 6.25 అంటే మొదటి మెట్టు దాటాడంతే. 85 కేజీల లోపు వాళ్లకి లక్ష్యం 25 రెండు పూటలా. డీసీఎం పేషెంట్లకి కార్వెడిలాల్ నెలల తరబడి ఇచ్చి పెట్ స్కాన్‌తో చూసిన చిన్న అధ్యయనాల్లో కరోనరీ రిజర్వ్ (అవసరానికి గుండె నాళాలు ప్రవాహాన్ని ఎన్ని రెట్లు పెంచగలవో ఆ సామర్థ్యం) మెరుగుపడింది. చిన్నవే, కానీ పైన చెప్పిన లెక్కకి సరిపోతున్నాయి.

నైట్రేటు ఎందుకు వద్దంటున్నానంటే, నైట్రోగ్లిజరిన్ జాతి మందులు ముఖ్యంగా సిరల్నీ పెద్ద ధమనుల్నీ వెడల్పు చేస్తాయి. 100 మైక్రాన్ల లోపు నాళాల్లో వాటి ప్రభావం చాలా తక్కువ, ఆ మందు నుంచి నైట్రిక్ ఆక్సైడు తయారుచేసే సామర్థ్యం అక్కడ సరిపోదు. అంటే సమస్య ఉన్న చోట పని చేయకుండా, బీపీని మాత్రం లాగేస్తున్నాయి. ఆ కాస్త బీపీ మనకు కార్వెడిలాల్ పెంచడానికి కావాలి. ఈ పేషెంటు దగ్గర ఖర్చు పెట్టుకోగలిగింది ఓ పది పాయింట్ల బీపీ. దాన్ని ఆయుష్షు పెంచే మందుల మీదే ఖర్చు పెట్టండి.

డిల్టియాజెమ్, వెరపామిల్ గుండె సంకోచాన్ని తగ్గిస్తాయి, ఈఎఫ్ 40 లోపు ఉన్నప్పుడు హాని చేస్తాయి. ఆమ్లోడిపిన్ కథ వేరు. 1996లో వచ్చిన ప్రెయిజ్ ట్రయల్‌లో, బ్లాకులు లేని కార్డియోమయోపతీ వాళ్లలో మరణాలు తగ్గినట్టు కనపడింది. అది నిజమో కాదో తేల్చడానికే ఆ కోవ వాళ్లతో రెండో ట్రయల్ పెడితే లాభం రాలేదు. హాని లేదు, బీపీ ఎక్కువుంటే ఇవ్వొచ్చు. 96/62 ఉన్న మనిషికి ఎందుకు?

నా క్రమం ఇలా ఉంటుంది. ఈరోజే నికోరాండిల్, నైట్రేటు ఆపండి. వారం ఆగి, నిలబడినప్పుడు బీపీ చూడండి. మెడ నరం ఉబ్బలేదు, వాపు లేదు అంటే టార్సెమైడ్ 5 కి దించండి, ఒంట్లో నీరు లేనప్పుడు ఆ మాత్ర బీపీని తినేయడం తప్ప చేసేదేమీ ఉండదు. తర్వాత కార్వెడిలాల్ 12.5 రెండు పూటలా, భోజనం తర్వాత. సాక్యుబిట్రిల్‌కీ దానికీ మధ్య రెండు గంటల ఎడం పెడితే కళ్లు తిరగడం తగ్గుతుంది. రెండు వారాలకి తట్టుకుంటే 25. పల్స్ 55 నుంచి 65 మధ్యకి రావాలి. బీటా బ్లాకర్, అంటే ఈ కార్వెడిలాల్, తట్టుకున్నంత పెంచాక కూడా సైనస్ రిథమ్‌లో 70 పైనే ఉండి, ఈఎఫ్ 35 లోపుంటే ఐవాబ్రాడిన్ 5 రెండు పూటలా కలపండి, 7.5 దాకా పెంచొచ్చు. అది బీపీ తగ్గించదు.

డోసు పెంచిన వారంలో కొంచెం నీరసం, ఆయాసం రావడం మామూలే. మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే ముందు టార్సెమైడ్ పెంచండి, కార్వెడిలాల్ ఆపకండి. హఠాత్తుగా ఆపితే పల్స్ ఒక్కసారిగా ఎగుస్తుంది.

హిమోగ్లోబిన్, ఐరన్ తెలిపే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ చేయించారా? అవి లేకుండా సన్న నాళాల మీద నెపం వేయకూడదు.

సూర్యారావుపేట_ఎకో

కొలతల గురించి నేను చెప్తాను. 24 నుంచి 34 అన్నారు. రెండూ ఒకే చోట, ఒకే పద్ధతిలో తీసినవేనా? ఎమ్-మోడ్‌లో (ఒకే గీత వెంట కొలిచే పద్ధతిలో) టైక్‌హోల్జ్ లెక్క వేస్తే, గుండ్రంగా సాగిన ఎల్వీలో అది నమ్మదగ్గది కాదు. రెండు ఎపికల్ వ్యూలతో సింప్సన్ పద్ధతిలో తీయించండి. అలా తీసినా చేయి మారితే ఐదు నుంచి పది పాయింట్ల తేడా రావచ్చు. అందుకే ఈఎఫ్ అంకె ఒక్కటే కాకుండా ఎండ్-సిస్టోలిక్ వాల్యూమ్ (సంకోచం చివర మిగిలే రక్తం), గ్లోబల్ స్ట్రెయిన్ (కండరం ఎంత శాతం కుదించుకుంటుందో), ఈ బై ఈ ప్రైమ్ (లోపలి ఒత్తిడిని అంచనా వేసే నిష్పత్తి) కూడా రిపోర్టులో అడగండి. స్ట్రెయిన్ మామూలుగా మైనస్ 20 చుట్టూ ఉంటుంది. ఈఎఫ్ కదలకముందే స్ట్రెయిన్ కదిలిన కేసులు ఉంటాయి. ఈ బై ఈ ప్రైమ్ 14 పైన ఉంటే లోపలి ఒత్తిడి ఇంకా ఎక్కువే ఉందని అర్థం, అప్పుడు టార్సెమైడ్ తగ్గించడానికి తొందరపడొద్దు.

సన్న నాళాల పరీక్ష ఎకోలోనే చేయొచ్చు, అయితే చేయి తిరిగినవాళ్లు కావాలి. ఎల్ఏడీ (గుండె ముందు వైపు దిగే కరోనరీ ధమని) చివరి భాగాన్ని కలర్ డాప్లర్‌లో పట్టుకోవాలి. కలర్ స్కేలు సెకనుకు 15 నుంచి 20 సెం.మీ.కి దించకపోతే ఆ చిన్న నాళం కనపడదు. పల్స్డ్ డాప్లర్‌తో డయాస్టోలిక్ వేగం తీసుకుని, నాళాల్ని తెరిచే అడినోసిన్ కేజీకి నిమిషానికి 140 మైక్రోగ్రాముల చొప్పున ఎక్కిస్తూ మళ్లీ తీస్తాం. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే ఫ్లో రిజర్వ్. యాంజియో నార్మల్ ఉండి ఇది 2 కన్నా తక్కువుంటే సన్న నాళాల లోపం ఉన్నట్టే.

ఇక్కడ తప్పులు ఎక్కువ. టీ, కాఫీ, కూల్ డ్రింకు 24 గంటల ముందునుంచి మానాలి, కెఫీన్ ఉంటే అడినోసిన్ పని చేయదు. ఆయాసానికి డెరిఫిల్లిన్ వేసుకునేవాళ్లలోనూ అంతే. ఆస్తమా ఉన్నవాళ్లకి అడినోసిన్ ఇవ్వకూడదు. ఇంకోటి, అందరూ పట్టించుకోనిది: రిజర్వ్ ఒక నిష్పత్తి. విశ్రాంతిలో ప్రవాహం ఎక్కువుంటే, నాళం బాగున్నా నిష్పత్తి పడిపోతుంది. పల్స్ ఎక్కువున్నా, రక్తం తక్కువున్నా విశ్రాంతి ప్రవాహం ఎక్కువే ఉంటుంది. బీటా బ్లాకర్ తర్వాత రిజర్వ్ 1.7 నుంచి 2.3 కి వచ్చిందంటే, కింద ఉన్న అంకె (విశ్రాంతి వేగం) తగ్గిందా, పైన ఉన్నది (అడినోసిన్‌తో వేగం) పెరిగిందా చూడాలి. రెండు వేగాలూ విడివిడిగా రాయని రిపోర్టుని పోల్చడం దండగ.

గోడలు 9 మి.మీ. అన్నారు కాబట్టి ఇది సాగిన గుండే. గోడ 15 మి.మీ. ఉన్న హైపర్ట్రోఫిక్ కేసులకి ఈ థ్రెడ్‌లోని సలహాలు వాడకండి. అక్కడ ఆర్టీరియోల్ గోడలే మందంగా పెరిగి లోపలి దారి మూసుకుంటుంది, వెరపామిల్‌కి అక్కడ చోటుంది, రక్తం బయటికి పోయే దారిలో అడ్డంకి ఉన్నవాళ్లకి నైట్రేటు, ఎక్కువ డైయూరెటిక్ (నీరు తీసే మందు) ప్రమాదం. కొత్తగా వచ్చిన మావాకాంటెన్ కూడా వాళ్లదే. అది సంకోచాన్ని తగ్గించే మందు, వాడుతుంటే ఎకోలో ఈఎఫ్ 50 కిందికి దిగిందేమో చూస్తూ ఉండాలి, దిగితే ఆపాలి. మందం గోడలు ఉండి ఈసీజీలో వోల్టేజీ తక్కువుంటే అమిలాయిడ్ (గుండెలో అసహజ ప్రొటీన్ పేరుకునే జబ్బు) అనుమానించండి.

ఎంఆర్ఐ వీలైతే ఒక్కసారి చేయించండి. సెప్టమ్ మధ్య పొరలో మచ్చ ఉంటే హఠాన్మరణం ముప్పు ఎక్కువ, మందులతో ఆ మచ్చ మాసిపోదు.

కొత్తపేట_ఫార్మసీ (గుంటూరు)

డాక్టర్ గార్లు చెప్పిన మందులు పేషెంటు చేతికి చేరేసరికి జరిగే పొరపాట్లు కొన్ని రాస్తున్నాను.

సాక్యుబిట్రిల్-వల్సార్టన్ కొందరు 24/26 అని రాస్తారు, స్ట్రిప్ మీద 50 అని ఉంటుంది. 49/51 అంటే 100, 97/103 అంటే 200. ఇది తెలియక 50 రాస్తే 49/51 ఉన్న స్ట్రిప్ ఇచ్చినవాళ్లున్నారు, అంటే రెట్టింపు డోసు. ఇంట్లో పాత రామిప్రిల్, ఎనలాప్రిల్ మిగిలి ఉన్నాయేమో అడగండి. ఈ ఏసీఈ జాతి మందు ఆఖరి మాత్ర వేసుకున్న 36 గంటల తర్వాతే దీన్ని మొదలుపెట్టాలి, కలిస్తే నాలుక, గొంతు వాచి ఊపిరాడని పరిస్థితి రావచ్చు. టెల్మిసార్టన్ కూడా పక్కన పెట్టించాలి, వల్సార్టన్ అదే జాతి.

మెటోప్రొలాల్ రాస్తే సక్సినేట్ ఇవ్వాలి. టార్ట్రేట్ మాత్రకి గుండె వైఫల్యంలో ఆయుష్షు పెంచుతుందన్న రుజువు లేదు. పేర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి స్ట్రిప్ వెనక సాల్ట్ పేరు (సక్సినేటా, టార్ట్రేటా) చదవండి.

డాపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ల మూత్రంలో షుగర్ మూడు ప్లస్‌లు వస్తుంది. అది మందు చేసే పనే. ల్యాబ్ రిపోర్టు చూసి షుగర్ వచ్చిందని కంగారుపడి ఇంకో మందు మొదలుపెట్టకూడదు, రక్తంలో షుగర్ చూడాలి. అలాగే సాక్యుబిట్రిల్ మీద ఉన్నవాళ్లకి గుండె వైఫల్యం తెలిపే రక్తపరీక్షల్లో బీఎన్‌పీ కాదు, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చేయించాలి. బీఎన్‌పీని విరిచే ఎంజైమునే ఆ మందు ఆపుతుంది, అంకె ఎక్కువ చూపించి భయపెడుతుంది.

మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ చీటీ లేకుండా కొనుక్కుని పోతారు. ఉప్పూ నీరూ ఒంట్లో నిలబెట్టి, కిడ్నీని దెబ్బతీసి, నెల కష్టాన్ని నాలుగు రోజుల్లో పాడుచేస్తాయి. పారాసిటమాల్ చెప్పండి. కాళ్ల రక్తనాళాలకని రాసే సిలోస్టజాల్, షుగర్‌కి పయోగ్లిటజోన్ కూడా ఈ పేషెంట్లకి పడవు.

ఎండల గురించి ఒక్క మాట. రోహిణీ కార్తెలో మన దగ్గర 45 డిగ్రీలు తాకుతుంది. టార్సెమైడ్, డాపాగ్లిఫ్లోజిన్, సాక్యుబిట్రిల్ మూడూ వేసుకుని ఎండన తిరిగితే బీపీ పడిపోతుంది. దాహానికి బొండాలు తాగుతారు. ఒక పెద్ద బొండంలో సుమారు అర గ్రాము పొటాషియం ఉంటుంది, స్పైరనోలాక్టోన్ మీద ఉన్న మనిషి రోజుకి రెండు మూడు తాగితే లెక్క తప్పుతుంది. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో ఉండేది పొటాషియం క్లోరైడు, అది అసలే వద్దు. ఆవకాయ, గోంగూర పచ్చడి రోజూ తింటూ కూరలో ఉప్పు తగ్గించామంటే ప్రయోజనం లేదు. వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండి మానితే ఆ రోజుల్లో డాపాగ్లిఫ్లోజిన్, స్పైరనోలాక్టోన్, టార్సెమైడ్ ఆపి డాక్టరుకి ఫోన్ చేయమనండి. మామూలుగా తినడం మొదలుపెట్టిన ఒకటి రెండు రోజులకి తిరిగి వేసుకోవాలి. ఆపడం గుర్తుంటుంది, మళ్లీ మొదలుపెట్టడం మర్చిపోతారు, అది కూడా చీటీ మీద రాయాలి.

ఖర్చు ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో, సాక్యుబిట్రిల్-వల్సార్టన్‌ది 2023లో ముగిశాయి, జనరిక్‌లు బాగా చవకయ్యాయి.

అరండల్‌పేట_జీపీ (గుంటూరు)

చాలా థాంక్స్ అండీ. నైట్రేటు, నికోరాండిల్ ఆపించాను. వారానికి నిలబడి తీసిన బీపీ 108/68, కళ్లు తిరగడం లేదు. కార్వెడిలాల్ 12.5 మొదలుపెట్టాం. రిపోర్టులు వచ్చాయి: హిమోగ్లోబిన్ 10.4, ఫెరిటిన్ 38, శాచురేషన్ 12 శాతం. టీఎస్‌హెచ్ నార్మల్. పొటాషియం 4.6, క్రియాటినిన్ 1.1. ఐరన్ మాత్రలు రాయమంటారా? ఇంకో సంగతి, ఈఎఫ్ 50 దాటితే మందులు ఆపేస్తారా అని ఇంట్లోవాళ్లు అప్పుడే అడుగుతున్నారు.

బెజవాడ_కార్డియో

మాత్రలు వద్దు. గుండె వైఫల్యంలో పేగు ఐరన్‌ని సరిగా పీల్చుకోదు. 2017లో వచ్చిన ట్రయల్‌లో నోటిద్వారా ఇచ్చిన ఐరన్‌తో వ్యాయామ సామర్థ్యం పెరగలేదు. సిరలోకి ఇచ్చే ఐరన్, ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ ఎక్కించండి. 62 కేజీలు, హిమోగ్లోబిన్ 10 పైన కాబట్టి 1000 మి.గ్రా. ఒక్కసారి చాలు. 250 మి.లీ. సెలైన్‌లో కలిపి 15 నిమిషాలకి తక్కువ కాకుండా ఎక్కించి, అరగంట పక్కన ఉంచుకోండి. అంతకన్నా ఎక్కువ సెలైన్ కలపొద్దు, పలచబడితే మందు నిలవదు. పన్నెండు వారాలకి ఫెరిటిన్ మళ్లీ చూడండి. 46 ఏళ్ల మగమనిషికి ఐరన్ ఇంత తక్కువంటే రక్తం ఎక్కడైనా పోతోందేమో చూడాలి. మలంలో రక్తం పరీక్ష, ఎండోస్కోపీ వాయిదా వేయకండి.

ఛాతీ బిగుతులో దీని వాటా చిన్నది కాదు. రక్తంలో ఆక్సిజన్ తక్కువున్నప్పుడు సన్న నాళాలు విశ్రాంతిలోనే వెడల్పై కూర్చుంటాయి. మెట్లెక్కేటప్పుడు ఇంకా తెరుచుకోవడానికి వాటికి చోటుండదు. ఎకో మేడం చెప్పిన విశ్రాంతి ప్రవాహం సంగతి ఇదే. అందుకే ఫ్లో రిజర్వ్ పరీక్ష ఇప్పుడు చేయించకండి. ఐరన్ సరిపడి, పల్స్ 60ల్లోకి వచ్చాక కూడా బిగుతు ఉంటే అప్పుడు చేయిద్దాం.

బీపీ 100 పైన నిలిస్తే, కార్వెడిలాల్ 25 అయ్యాక సాక్యుబిట్రిల్ 100 కి వెళ్లండి. పెంచిన ప్రతిసారీ ఒకటి రెండు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్. క్రియాటినిన్ ముప్పై శాతం దాకా పెరిగితే కంగారు లేదు. పొటాషియం 5.5 దాటితే స్పైరనోలాక్టోన్ సగానికి, 6 దాటితే ఆపండి. అన్నీ లక్ష్య డోసుకి చేరి మూడు నెలలయ్యాక ఈఎఫ్ ఇంకా 35 లోపే ఉంటే ఐసీడీ (ప్రమాదకర లయ వస్తే షాక్ ఇచ్చే, ఒంట్లో అమర్చే పరికరం) గురించి మాట్లాడాలి. ఇప్పుడే కాదు, సగం డోసులతో 34 కి వచ్చిన గుండె ఇంకా పైకి రావచ్చు. ఈఎఫ్ పెరుగుదల ఏడాది దాకా సాగుతుంది.

మందులు ఆపడం గురించి ఇంట్లోవాళ్లకి సూటిగా చెప్పండి. ట్రెడ్-హెచ్ఎఫ్ అనే ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. డీసీఎం తగ్గి, ఈఎఫ్ 50 దాటి, ఎల్వీ సైజు కూడా మామూలైన 51 మందిని తీసుకుని, సగంమందికి మందులు ఒక్కొక్కటిగా ఆపారు. ఆరు నెలల్లో వాళ్లలో 44 శాతానికి జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించిన వాళ్లలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. ఈఎఫ్ మామూలైనంత మాత్రాన గుండె మామూలు కాలేదు, మందులు దాన్ని అక్కడ నిలబెడుతున్నాయి. వాపు లేకపోతే టార్సెమైడ్ ఒక్కటి ఆపొచ్చు.

కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులో గుండె పెద్దదవడం, హఠాన్మరణం ఉన్నాయా? దక్షిణాసియాలో సుమారు వందలో నలుగురికి ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాల లోటు ఉంటుందని 2009లో బయటపడింది. అది ఉన్నవాళ్లకి కార్డియోమయోపతీ ముప్పు ఎక్కువ. జన్యు పరీక్ష మాట ఎలా ఉన్నా, తోబుట్టువులకీ పిల్లలకీ ఒక ఈసీజీ, ఒక ఎకో తప్పకుండా తీయించండి.

సూర్యారావుపేట_ఎకో

వాళ్లని పంపేటప్పుడు రిక్వెస్టు మీద డీసీఎం కుటుంబ స్క్రీనింగ్ అని రాయండి డాక్టర్ గారూ. అలా రాస్తే పిల్లల్లో ఎల్వీ సైజు బాడీ సర్ఫేస్ ఏరియాకి సరిచూసి, స్ట్రెయిన్ కూడా తీస్తాం. ఉత్త ఎకో అని వస్తే ఈఎఫ్ 60, నార్మల్ అని రాసి పంపేస్తారు.